యంత్రహస్తము - వైద్యహస్తము



గర్భాశయమున గడ్డలనియో, అధిక రక్తస్రావమనియో మన యిండ్లలోని స్త్రీలను పట్టణమునకు గొనిపోయినప్పుడు, "లాపరోస్కోపీ చేయుదుమా, రోబోతో చేయుదుమా?" యని కొన్ని యాసుపత్రులవా రడుగుచున్నారు. రెండవదానికి వెల హెచ్చు. వెల హెచ్చినది గుణమునను హెచ్చేయని తలచి పొలము తాకట్టు పెట్టుటకు ముందు, ఈ రెంటికిని గల భేద మెట్టిదో తెలిసికొనుట మంచిది.

పూర్వము గర్భాశయమును తొలగించుటకు తరచుగా పొత్తికడుపును జానెడు మేర కోసెడివారు. లాపరోస్కోపీయం దట్లు కాదు. ఉదరమును బొగ్గుపులుసు వాయువుతో నుబ్బించి, బొడ్డుకడ నొకటి, ప్రక్కల రెండు మూడు చిన్న రంధ్రములు చేసి, ఒకదానిగుండ దీపముగల కెమెరాను, తక్కినవానిగుండ సన్నని పనిముట్లను పంపుదురు. వైద్యుడు తెరపై బొమ్మను చూచుచు పనిచేయును. జర్మనీ దేశమున కీల్ నగరపు స్త్రీవైద్యుడు కుర్ట్ సెమ్ ఈ విద్యను మిక్కిలి వృద్ధిచేసెను. 1988లో అమెరికాలో తొలిసారిగా గర్భాశయము నీ మార్గమున తొలగించిరి.

రోబో పద్ధతియందును కోత లిట్టివే. పనిముట్లను పట్టునది మాత్రము యంత్రపు బాహువులు. వైద్యుడు కొంచెము దూరమున కూర్చుండి, లోతు తెలియు బొమ్మను చూచుచు పిడులను త్రిప్పును. ఆయన మణికట్టు తిరిగినట్లే లోపలి పనిముట్టు కొనయు తిరుగును. చేతివణకు లోనికి పోదు. ఇరుకుచోట కుట్టు వేయుట కిది సదుపాయము. డావిన్సీ యను నిట్టి యంత్రమునకు 2005లో స్త్రీరోగ శస్త్రచికిత్సలకై అమెరికాలో ననుమతి లభించినది.

రోబో యను పేరు 1920లో చెక్ రచయిత కారెల్ చాపెక్ ప్రకటించిన నాటకమునుండి లోకమున వ్యాపించినది. ఆ భాషలో రొబోత యనగా వెట్టిచాకిరి. పేరు సార్థకమే. ఈ యంత్రము తనంత తా నొక నరమునైన కోయదు. వెట్టివాడు యజమాని యాజ్ఞను మీరడు. యజమాని పొరపాటును దిద్దనులేడు. కావున యంత్రము మాట యటుంచి, దానిని నడపు చేతిని గూర్చి విచారింపవలెను.

ఫలితము లెట్లున్నవి? కాన్సరు కాని వ్యాధులకు గర్భాశయము తీయించుకొన్న 2,64,758 మంది స్త్రీల వివరములను పరిశీలించి అమెరికా వైద్యులు 2013లో ప్రకటించిరి. చికిత్సానంతర చిక్కులు లాపరోస్కోపీయందు నూటికి 5.3, రోబోయందు 5.5. అనగా భేదము లేనట్లే. ఖర్చు మాత్రము రోబోకు 2,189 డాలర్లు హెచ్చు.

చిన్నకోతయే సర్వత్ర మేలనుటయు సరికాదు. గర్భాశయ ముఖద్వారమునకు కాన్సరు సోకి, తొలిదశలోనున్న స్త్రీలపై జరిపిన పరీక్ష ఫలితము 2018లో వెలువడినది. నాలుగున్నర యేండ్లకు వ్యాధి లేక జీవించియున్నవారు పెద్దకోత పక్షమున నూటికి 96.5, లాపరోస్కోపీ, రోబోల పక్షమున 86 మాత్రమే.

ఇంతకంటె ముఖ్యమైన ప్రశ్న యొకటి కలదు. అసలు గర్భాశయము తీయవలసినదేనా? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ననుసరించి, 15 మొదలు 49 ఏండ్లలోపు స్త్రీలలో దేశమున నూటికి సుమారు ముగ్గురు గర్భాశయము తీయించుకొనియుండగా, ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో ఎనమండుగురికి పైగా తీయించుకొనిరి. అధిక రక్తస్రావమున కనేక సందర్భములలో మందులు కలవు. గర్భాశయమున నమర్చు హార్మోను సాధనమును కలదు. అండాశయములను ముందే తీసివేసినచో నెముకలు బలహీనపడును.

కావున వైద్యుని నీ నాలుగు ప్రశ్న లడుగుడు. మందులతో కుదురదా? కడుపుపై కోత లేక యోనిమార్గమున తీయ వీలుపడదా? ఈ పద్ధతిని మీ రిదివర కెందరికి చేసితిరి? హెచ్చు సొమ్మునకు ఈమెకు గలుగు హెచ్చు మేలేమి? తృప్తికరమైన యుత్తరము వచ్చినచో రోబో యైనను సరియే. రానిచో మరియొక వైద్యుని యభిప్రాయము గొనుడు. అన్నిటికంటె ముందు ఆ స్త్రీనే యడుగుడు. దేహ మామెది, తుదిమాటయు నామెదే కావలెను.