పాత కంప్యూటరులో రెండవ డిస్కు

హైదరాబాదు నుండి రామచంద్రాపురము, పటాన్‌చెరువు మీదుగా సంగారెడ్డికి పోవువారికి దారిపొడవునను కర్మాగారములు కనబడును. భారీ విద్యుత్పరికరముల కర్మాగారము, 1972లో నెలకొన్న ఇక్రిశాట్ పరిశోధనాలయము ఎల్లరు ఎరిగినవే. వీని నడుమ చిన్న కార్ఖానాలెన్నో కలవు. అట్టి కార్ఖానా మూతబడినప్పుడు యంత్రములు తుక్కుకు పోవును. జీతముల లెక్కలు మాత్రము ఏ మూలనో పాత కంప్యూటరులో మిగిలియుండును.

అట్టి లెక్కతో ఒక లేతు కార్మికునికి పని పడినది. 1995 నాటి ఉద్యోగుల పింఛను పథకము క్రింద నెలసరి పింఛనుకు 10 సంవత్సరముల సేవ అవసరము. ఆయన పనిచేసినది 11 సంవత్సరములు. కాగితముపై దొరికినది 7 సంవత్సరముల లెక్కయే. తక్కినది రెండు పాత హార్డు డిస్కులలో ఉన్నది. ఒక మిత్రుడు వానిని ప్రతిబింబ ఫైళ్లుగా ఎత్తి, ఎమ్యులేటరులో తెరువబూనగా మేమును చూడబోతిమి.

ఎమ్యులేటరనగా పాత కంప్యూటరు వలె నడచుకొను ప్రోగ్రాము. 86బాక్స్ అనునది ఆ కోవలోనిది. ఏ మదర్‌బోర్డు, ఏ కార్డులు కావలెనో మనము చెప్పినచో, నేటి యంత్రములోనే నాటి యంత్రము లేచి నిలుచును.

నిలిచినది. జీతముల ప్రోగ్రామును పిలువగా పలికినది. కాని పట్టికలో ఒక్క పేరును లేదు. కార్మికుడు తెరవంక చూచి, "పదకొండేండ్లు లేతు మీద నిలవడ్డ సార్, నా పేరెట్ల లేదు?" అని అడిగినాడు. మా వద్ద సమాధానము లేకపోయెను.

కారణము తరువాత తెలిసినది. అసలు యంత్రములో మొదటి డిస్కు ఐ.డి.ఇ. కంట్రోలరుకు, రెండవది స్కజీ అను వేరొక కార్డుకు తగిలించి ఉండినవి. ఎమ్యులేటరులో మొదటిదానినే అమర్చినారు. డాస్ పద్ధతిలో ప్రతి డిస్కుయొక్క ప్రధాన భాగమునకు ముందుగా అక్షరము లభించును. ఉపభాగముల వంతు ఆ తరువాత. రెండవ డిస్కు ఉన్నచో "డి" దానిదే. అది లేనందున మొదటి డిస్కులోని ఉపభాగమే "డి"గా నిలిచినది. ప్రోగ్రాము అక్కడ వెదకి, పట్టిక కానరాక, క్రొత్తది ఖాళీగా తెరచినది. అదృష్టవశమున అది నకలు. అసలు ప్రతిబింబము భద్రముగనే ఉండెను.

కావున రెండవ కార్డును చేర్చవలసివచ్చినది. ఇందు మూడు మెలకువలు కలవు. మొదటిది: అసలు పెట్టెలో ఉండిన రకము కార్డునే ఎన్నుకొనవలెను, డిస్కుయొక్క తలలు, సెక్టార్ల లెక్క కార్డును బట్టి మారవచ్చును. రెండవది: ప్రతి కార్డును ప్రాసెసరును పిలుచుటకు ఒక గంట సంఖ్య కలిగియుండును. ఐ.డి.ఇ. మొదటి వరుసకు 14, రెండవ వరుసకు 15 వాడుక. ఇచట స్కజీ కార్డుకు 11 ఉండగా, నెట్‌వర్కు కార్డుకును అదియే ఇచ్చియుండిరి. ఆ కాలపు కార్డులు ఒకే గంటను పంచుకొనజాలవు. యంత్రము సగములో స్తంభించినది. నెట్‌వర్కు కార్డును 10కి మార్చగా సాగినది. మూడవది: స్కజీ డిస్కులకు స్వంత సంఖ్య ఉండును; కార్డు తనకు సాధారణముగా 7ను ఉంచుకొనును. పాత కార్డులు పెక్కు, ప్రారంభములో 0, 1 సంఖ్యల డిస్కులనే పలుకరించును. మా మిత్రుడు 2 అని ఇచ్చియుండెను. దానిని 0 చేసినాడు.

మరల ప్రోగ్రామును తెరచితిమి. ఈసారి పేర్లు వరుసగా దిగివచ్చినవి. వానిలో ఆయన పేరును కలదు. 48 నెలల జీతము, కోత, హాజరు అన్నియు కలవు. ఆయన తెరకు దగ్గరగా వంగి, తన పేరును వ్రేలితో తాకి చూచినాడు. ఆ పుటలు అచ్చొత్తించి అర్జీకి జతచేసినారు. నిర్ణయము ఆఫీసువారిది.

మీ ఇంటనో, మీ కార్ఖానాలోనో పాత డిస్కులున్నచో పారవేయుటకు ముందు ప్రతిబింబము తీయించుడు. ఏ కార్డుకు ఏ డిస్కు తగిలియున్నదో, ఏ సంఖ్యలు వాడినారో ఒక కాగితముపై వ్రాసి దానితో ఉంచుడు. ఖాళీ పట్టిక కనబడినంతమాత్రమున మనిషి పనిచేయలేదని తలపరాదు. మనము వెదకినది వేరొక పెట్టె కావచ్చును.