గొంతు ఒకరిది, ముఖం ఒకరిది

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను సంగీత విద్వాంసుణ్ణి కాను. ముప్పై ఆరేళ్లు ఫైళ్లు రాసిన గుమస్తాను. అయినా కార్యదర్శిగారిని అడిగి పాట గురించి మాట్లాడడానికి ఐదు నిమిషాలు తీసుకున్నాను. కారణం మా మనుమరాలు.

దానిది మంచి గొంతు. ఎనిమిదేళ్లు సంగీతం నేర్చుకుంది. ఆ మధ్య ఒక పాటల పోటీకి దరఖాస్తు పెట్టబోతే, పాట కంటే ముందు ఫొటోలు పంపమన్నారు. పంపింది. పిలుపు రాలేదు. "నేను లావుగా ఉన్నాను కదా తాతయ్యా" అని ఊరుకుంది. ఆనాటినుంచి శ్రుతిపెట్టె ముట్టుకోలేదు.

దానికి ధైర్యం చెప్పాలని వెతుకుతుంటే అమెరికా గాయని మార్తా వాష్ గారి కథ నా కంటబడింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టి, చర్చిలో పాడుతూ పెరిగిన మనిషి. భారీ విగ్రహం, దానికి తగ్గ గొంతు. 1990లో సి అండ్ సి మ్యూజిక్ ఫ్యాక్టరీ అనే బృందం వారి పాటకు ఆమె గొంతిచ్చింది. 1991 ఫిబ్రవరిలో ఆ పాట అమెరికాలో మొదటి స్థానానికి చేరింది. కాని వీడియోలో పెదవులు కదిపింది సన్నగా ఉన్న మరో అమ్మాయి! అదే రోజుల్లో బ్లాక్ బాక్స్ అనే ఇటలీ బృందం కూడా మార్తా గొంతు వాడుకుని, ఒక మోడల్‌ను ముందు నిలబెట్టింది.

మార్తా కోర్టుకెక్కింది. చివరకు రాజీ కుదిరింది. ఆ వీడియోకు గొంతు ఆమెదేనని పేరు చేర్చారు. 1993లో ఆమె పేరుతోనే ఒక ఆల్బమ్ వెలువడింది. మిల్లీ వనిల్లీ జంటకు 1990లో ఇచ్చిన గ్రామీ బహుమతిని, పాడింది వాళ్లు కాదని తేలాక, ఆ ఏడాది నవంబరులోనే వెనక్కి తీసుకున్నారు కూడా.

"మన సినిమాల్లో మాత్రం జరిగేదేమిటి?" అని మీరడగవచ్చు. 1951లో 'పాతాళభైరవి'లో రామారావుగారికి ఘంటసాలగారు పాడారు. ఆ గొంతు ఎవరిదో ఊరూరా తెలుసు. అందులో మోసం లేదు. కాని అంతకు రెండేళ్ల ముందు, 1949లో, 'మహల్' హిందీ చిత్రం రికార్డు మీద లతా మంగేష్కర్ పేరు లేదు. కామిని అని పాత్ర పేరు అచ్చయింది. పాడిందెవరో చెప్పమని శ్రోతలు రేడియోవారిని అడగవలసి వచ్చింది.

ఒకరికి మరొకరు గొంతివ్వడం తప్పు కాదు. గొంతిచ్చినవారి పేరు చెరిపెయ్యడం తప్పు.

ఈ బాధ మనకు కొత్తా? డ్రాఫ్టు మనం రాసేవాళ్లం. ఫెయిర్ కాపీ మీద అధికారి సంతకం. అది పద్ధతి, దానికి ఎవరమూ నొచ్చుకోలేదు. నోటు చివర మన పొట్టి సంతకం ఉండేది, అదే చాలు. ఒక కరువు ఏడాది పది రాత్రులు కూర్చుని నేనొక నివేదిక తయారుచేశాను. తర్వాత చూస్తే నోటు మళ్లీ టైపు చేయించి, నా పొట్టి సంతకం ఉన్న కాగితం తీసేశారు. మెప్పు మరొకరికి వెళ్లింది. పిల్లలు గలవాణ్ణి, నోరెత్తలేదు. ఇంటికి వెళ్లి మా ఆవిడకు కూడా చెప్పలేదు. మార్తా నోరెత్తింది.

ఈ కథంతా చెప్పి, డిసెంబరు 17న మన పింఛనుదారుల దినోత్సవంలో పాడమ్మా అని మనుమరాలిని అడిగాను. చాలాసేపు ఆలోచించి, "తెర వెనక నుంచి పాడతాను తాతయ్యా" అంది. నేను ఒప్పుకోలేదు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడోనాడు, "సరే, ముందే కూర్చుంటాను. కాని మీరు మొదటి వరసలో ఉండాలి" అంది.

అందుకే నా విన్నపం. ఆ రోజు మీరందరూ మొదటి వరసలోకి రండి. పాడేవారి పేరుతో పాటు తబలా వాయించే కుర్రవాడి పేరు కూడా కార్యదర్శిగారు మైకులో చెప్పాలి. మా మనుమరాలి పేరు మాత్రం ఈ రోజు చెప్పను. ఆనాడు వేదిక మీద వినండి.

సెలవు.