తండా మాట ఏ సభలో వినపడాలి?

(వార్షిక సాంస్కృతిక ఉత్సవంలో యువతను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



పొద్దున్నుంచి ఆటపాటలు చూశాం. మన ఆడబిడ్డలు అద్దాల పేటియాలు వేసుకొని ఆడుతుంటే కడుపు నిండింది. ఇప్పుడు కొంచెం చప్పటి విషయం మాట్లాడతాం. అదే జిల్లా పరిషత్. పేరు వినగానే ఫోన్ తీయకండి. మన బడి, మన నల్లా, మన రోడ్డు, మన దవాఖాన గురించి మాటలు జరిగేది అక్కడే. ఆ మాటల్లో మన మాట ఎంత ఉందన్నదే ఈ రోజు ప్రశ్న.

సభ మనకు కొత్త కాదు. తండాలో నసాబ్ కూర్చుంటే నాయక్, డావో, కార్భారి ఉండేవారు. ఇరువైపులా విని అందరి ముందు తీర్పు చెప్పేవారు. మన తాతలకు చదువు రాకపోవచ్చు. కానీ ఏ మాట ఎక్కడ, ఎవరి ముందు చెప్పాలో వాళ్లకు తెలుసు. చదువుకున్న మనకే అది తెలియకుండా పోతోంది.

బోధన్ సంగతితో మొదలుపెడదాం. 1923 నుంచి 1931 వరకు మంజీర మీద నిజాంసాగర్ కట్టారు. ఆ నీళ్లతో చెరుకు పండింది. 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్ద చక్కెర ఫ్యాక్టరీ అని దానికి పేరు. దాని చుట్టూ శక్కర్‌నగర్ వెలిసింది. క్వార్టర్లు, బడి, దవాఖాన, నీళ్లు, కరెంటు అన్నీ ఫ్యాక్టరీ నీడలోనే ఉండేవి. చెరుకు నరికే రోజుల్లో తండాల నుంచి బండ్లు కట్టుకొని పోయిన పెద్దలు ఇక్కడే కూర్చున్నారు. సైరన్ మోగితే పొద్దు ఎంతయిందో చెప్పేవాళ్లం అంటారు వాళ్లు.

2002లో ఫ్యాక్టరీలో ఎక్కువ వాటా ప్రైవేటు చేతికి పోయింది. 2015 డిసెంబరులో మూతపడింది. పోయింది కూలి ఒక్కటే కాదు. ఫ్యాక్టరీ నీడన బతికిన వసతులు కూడా వాడిపోయాయి. ఇందులో మనం నేర్చుకోవాల్సిన పాఠం ఒకటుంది. యజమాని దయతో వచ్చిన వసతి యజమానితోనే పోతుంది. ప్రభుత్వం బాధ్యతగా ఇచ్చే సేవ అలా కాదు. దాన్ని అడగడానికి ఒక సభ, ఒక చట్టం, ఒక తేదీ ఉంటాయి.

ఆ సభలేవో చూద్దాం. జిల్లా పరిషత్ సర్వసభ్య సమావేశంలో మండలానికొక జడ్పీటీసీ సభ్యుడు ఉంటారు. ఎమ్మెల్యేలు, ఎంపీలు వస్తారు. వ్యవసాయం, విద్య, వైద్యం, తాగునీరు, రోడ్లు అంటూ శాఖల వారీగా అధికారులు లేచి లెక్క చెబుతారు. విడిగా స్థాయీ సంఘాలు ఏడు ఉంటాయి. సాంఘిక సంక్షేమం, విద్య-వైద్యం, పనులు వాటిలోవే. పోయిన సమావేశంలో అడిగిందే మళ్లీ అడిగే సభ్యులూ ఉంటారు, పోయినసారి చెప్పిందే మళ్లీ చెప్పే అధికారులూ ఉంటారు. అయినా అక్కడ అన్న మాట మినిట్స్‌లోకి ఎక్కుతుంది. రాతలోకి ఎక్కిన మాటను మళ్లీ అడగొచ్చు.

మన జిల్లా యువత గుర్తుపెట్టుకోవాల్సింది ఇంకొకటి ఉంది. ఉట్నూరులో ఉన్నట్టు మనకు ఐటీడీఏ లేదు. మనం మైదాన ప్రాంత గిరిజనులం. ఇందల్వాయి, సిరికొండ, మోపాల్ తండాలవాళ్లయినా, వర్ని వైపు తండాలవాళ్లయినా పంచాయతీ, మండలం, జిల్లా అన్న మెట్లే ఎక్కాలి. ప్రత్యేక ప్రగతి నిధి చట్టం 2017 నుంచి ఉంది. మన జనాభా నిష్పత్తిలో బడ్జెట్‌లో నిధి పెట్టాలని అది చెబుతుంది. కానీ ఏ తండాకు ఏ పని కావాలో అడిగే గొంతు మనదే కావాలి.

ఇప్పుడు మాకు ఎదురైన సంగతి చెబుతాం. ఏ తండా, ఏ కార్యాలయం అన్నది చెప్పం, ఎవరినీ నిందించడం మా ఉద్దేశం కాదు. ఒక వానాకాలం వాగు మీద కల్వర్టు కొట్టుకుపోయింది. నిండు చూలాలికి నొప్పులొస్తే 108 బండి అవతలి ఒడ్డునే ఆగింది. నలుగురం నులక మంచం మీద ఆమెను మోసి దాటించాం. తల్లీ బిడ్డా క్షేమం. మరునాడే అర్జీ రాశాం, అందరితో సంతకాలు పెట్టించాం. సోమవారం ప్రజావాణికి పోయాం. అక్కడి నుంచి ఒక కార్యాలయానికి పంపారు. వాళ్లు ఇది పట్టణం హద్దు అన్నారు. పట్టణంవాళ్లు ఇది పంచాయతీ రోడ్డు అన్నారు. ఎనిమిది నెలలు తిరిగాం. చివరికి ఒక రిటైర్డ్ గుమాస్తా చెట్టు కింద కూర్చోబెట్టి చెప్పాడు: "బిడ్డా, రోడ్డు ఒకటే గానీ జాగా రెండు. కాగితం కూడా రెండు రాయాలె."

అప్పుడు తెలిసింది. జిల్లా పరిషత్ అధికారం పల్లెల వరకే. నిజామాబాద్ నగరపాలక సంస్థ, బోధన్, ఆర్మూర్, భీంగల్ మున్సిపాలిటీలు దాని కిందికి రావు. మనమేమో రోజూ ఆ హద్దు దాటుతాం. తండాలో పండుకుంటాం, పట్టణంలో పని చేస్తాం. ఓటు ఒక చోట, కిరాయి గది ఇంకో చోట. పంచాయతీ "మీరు పోయినోళ్లు" అంటది, పట్టణం "మీరు వచ్చినోళ్లు" అంటది. రెండు పుస్తకాల్లోనూ మన పేరు సగమే.

హద్దు కూడా ఒక చోట ఆగదు. 2005లో నిజామాబాద్ నగరపాలక సంస్థ అయింది. తర్వాత గూపన్‌పల్లి, ముబారక్‌నగర్ వంటి చుట్టుపక్కల ఊళ్లు కలిశాయి. 2020 ఎన్నికల నాటికి 60 డివిజన్లు. ఊరు పట్టణంలో కలిస్తే వీధి దీపం రావచ్చు, డ్రైనేజీ రావచ్చు. కానీ గ్రామసభ పోతుంది, పల్లెలకే ఇచ్చే ఉపాధి హామీ పని పోతుంది, పన్ను లెక్క మారుతుంది. ఒకవైపు 2018 చట్టంతో 500 జనాభా దాటిన తండాలు పంచాయతీలయ్యాయని సంబరపడ్డాం. మరోవైపు పట్టణం అంచున ఉన్న బస్తీలో మనకు ఏ సభా లేకుండా పోకూడదు. కలపడం మంచిదా చెడ్డదా అని మేము ఒక్క మాటలో చెప్పలేం. కలిపే ముందు లెక్క అడగండి అని మాత్రం చెబుతాం.

యువతకు నాలుగు పనులు అప్పగిస్తున్నాం.

ఒకటి, గ్రామసభ. చట్టం ప్రకారం రెండు నెలలకోసారి పెట్టాలి. పెట్టకపోతే ఎందుకు పెట్టలేదని రాతపూర్వకంగా అడగండి. పెడితే పదిమంది కలిసి పోండి, తీర్మానం రాయించి నకలు తీసుకోండి.

రెండు, వార్డు కమిటీలు. 2019 మున్సిపల్ చట్టంలో వార్డుకు నాలుగు కమిటీలున్నాయి. వాటిలో ఒకటి యువతది, 15 మందితో. పట్టణంలో చదువుకునే మన పిల్లలు ఆ 15 మందిలో ఎందుకు ఉండకూడదు?

మూడు, కాగితం. "మా రోడ్డు బాగాలేదు" అని రాస్తే ఎవరికీ అర్థం కాదు. ఎక్కడి నుంచి ఎక్కడి వరకు, ఎంత పొడవు, ఎన్ని ఇళ్లు, ఎంతమంది బడి పిల్లలు అన్నది రాయండి, ఫొటో పెట్టండి. జవాబు రాకపోతే 2005 సమాచార హక్కు చట్టం ఉంది, 30 రోజుల్లో చెప్పాలి.

నాలుగు, జిల్లా ప్రణాళికా కమిటీ. పల్లె, పట్టణం ప్రణాళికలను ఒక్కచోట కలపాలని రాజ్యాంగమే చెప్పిన చోటు అది. అందులో అయిదింట నాలుగు వంతుల మంది జిల్లా పరిషత్, మున్సిపాలిటీల నుంచి ఎన్నికైనవాళ్లే ఉండాలి. మన రోడ్డులాంటి రెండు హద్దుల సమస్యలకు సరైన చోటు అదే. కానీ దాని పేరే మనలో చాలామందికి తెలియదు. మీ జడ్పీటీసీని, మీ కార్పొరేటర్‌ను ఒకే ప్రశ్న అడగండి: "ఆ కమిటీ ఎప్పుడు కూర్చుంది? మా పని అందులో పెట్టారా?"

2024 జూలైలో జిల్లా పరిషత్ పాలకవర్గాల గడువు ముగిసి ప్రత్యేక అధికారుల పాలన వచ్చింది. సభ్యుల కుర్చీలు ఖాళీ అయినా నీళ్లు, బడి, దవాఖాన ఆగవు కదా. కాబట్టి మన ప్రశ్న కూడా ఆగకూడదు. సభ్యుడు ఉంటే సభ్యుడిని, లేకుంటే అధికారిని అడగాలి.

ఆ కల్వర్టు ఏమైందని మీరు అడుగుతారు. రెండు కాగితాలు రాశాం. పంచాయతీ వైపు పని అయింది, కల్వర్టు నిలబడింది. పట్టణం వైపు రోడ్డు ఇంకా కంకరే. కాబట్టి గెలిచామని చెప్పం, సగం దూరం నడిచామని చెబుతాం. ఆ రోజు మంచం మోసిన నలుగురిలో ముగ్గురికి ఇప్పుడు నడుం వంగింది. మిగతా సగం మీరు నడవాలి. ఈసారి భుజాన మంచంతో కాదు, చేతిలో కాగితంతో.

 జై సేవాలాల్.