బక్స్ రో నుంచి మన బడి బావి దాకా

(ఈ సంవత్సరం సంక్రాంతికి జరిగిన పూర్వ విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు ఫోను చేసి, "మీరు లండన్ వెళ్ళొచ్చారు కదా, ఓ పావుగంట ఆ కబుర్లు చెప్పండి" అన్నారు. బిగ్ బెన్, థేమ్స్ నది, రాజుగారి కోట మీరందరూ ఫోన్లలో చూసే ఉంటారు. అందుకని నేను చూసిన ఇంకో లండన్ గురించి చెబుతాను. అందులో హత్యలున్నాయి. పండగపూట ఈ గోలేమిటని విసుక్కోకండి. తిరిగి తిరిగి చివరికి మన బడి వెనక్కే వస్తాను.

మా అమ్మాయి వాళ్ళుండేది ఈస్ట్ హామ్‌లో. కరివేపాకు, గోంగూర, ఇడ్లీ రవ్వ అన్నీ నడిచి వెళ్ళే దూరంలోనే దొరుకుతాయి. మూడు వారాలయ్యేసరికి నాకు తోచడం మానేసింది. మా మనవడికి పదిహేనేళ్ళు. "తాతయ్యా, నీకు డిటెక్టివ్ నవలలంటే ఇష్టం కదా, జాక్ ద రిప్పర్ వాక్‌కి వెళ్దాం" అని రెండు టికెట్లు కొన్నాడు. నా ఇష్టం సంగతి వాడికెవరు చెప్పారో నాకు తెలుసు. సాంఘిక శాస్త్రం పుస్తకంలో డిటెక్టివ్ నవల పెట్టుకుని చదువుతూ దొరికిపోయి, తెలుగు మాస్టారి చేత బెంచీ ఎక్కించుకున్న కథ మా ఆవిడ అందరికీ చెబుతుంది.

కొందరికి తెలియకపోవచ్చు కాబట్టి నాలుగు ముక్కల్లో చెబుతాను. 1888లో తూర్పు లండన్‌లోని వైట్‌చాపెల్ ప్రాంతంలో ఆగస్టు 31 నుంచి నవంబరు 9 లోపల అయిదుగురు ఆడవాళ్ళు ఒకే తీరున హత్యకు గురయ్యారు. చంపినవాడు దొరకలేదు. ఇప్పటికీ ఎవరో తెలియదు. ఆ సెప్టెంబరు చివర్లో ఒక వార్తా సంస్థకు ఎర్ర సిరాతో రాసిన ఉత్తరం వచ్చింది. దాని కింద సంతకం జాక్ ద రిప్పర్. అది హంతకుడు రాసింది కాదని, ఎవరో పాత్రికేయుడే కల్పించాడని అప్పటి పోలీసు అధికారులే కొందరు అనుమానించారు. అయినా పేరు మాత్రం అంటుకుపోయింది.

శనివారం సాయంత్రం ఆల్డ్‌గేట్ ఈస్ట్ స్టేషను బయట చేరాం. ఇరవైమందిమి ఉంటాం. గైడు నల్లటోపీ పెట్టుకుని, చేతిలో ట్యాబ్ పట్టుకుని వచ్చాడు. మనిషి గట్టి మాటకారి. ఎక్కడ గొంతు తగ్గించాలో, ఎక్కడ ఆగాలో బాగా తెలిసినవాడు. మైటర్ స్క్వేర్‌కు తీసుకెళ్ళాడు. సెప్టెంబరు 30న కేథరిన్ ఎడోస్‌ను చంపిన చోటు అది. చుట్టూ ఆఫీసుల అద్దాల మేడలు, పక్కనే ఒక బడి. ట్యాబ్‌లో ఆమె శవం ఫోటో చూపించాడు. ఒకమ్మాయి ముఖం తిప్పుకుంది. ఇద్దరు కుర్రాళ్ళు ఆ చోట నిలబడి సెల్ఫీ తీసుకున్నారు. అక్కణ్ణించి హాన్‌బరీ స్ట్రీట్. యానీ చాప్‌మన్ పెరట్లో పడి ఉన్న 29వ నంబరు ఇల్లు ఇప్పుడు లేదు. పడగొట్టి బీరు కంపెనీ భవనం కట్టారు. మేరీ జేన్ కెల్లీ చనిపోయిన డోర్సెట్ స్ట్రీట్ అయితే వీధికి వీధే మాయమైంది. ఉన్నవి చూపించడం కన్నా లేనివి చూపించడమే గైడుకు ఎక్కువ పని. అబద్ధమెందుకు, నేను ఆ రెండు గంటలూ నోరు తెరుచుకుని విన్నాను.

తిరుగు రైల్లో మా వాడు, "తాతయ్యా, వాళ్ళకి పిల్లలున్నారా?" అన్నాడు.

నాకు తెలియదు. రెండు గంటల్లో కత్తి పొడవు గురించి, గాయాల లెక్క గురించి, అనుమానితుల్లో డాక్టరెవరో కసాయి ఎవరో అన్నదాని గురించి చాలా విన్నాం. ఈ సంగతి ఆయన చెప్పలేదు, మేమెవ్వరం అడగలేదు.

మా అమ్మాయి లైబ్రరీ నుంచి ఒక పుస్తకం తెచ్చిపెట్టింది. హాలీ రూబెన్‌హోల్డ్ అనే చరిత్రకారిణి 2019లో రాసిన ‘ది ఫైవ్’. హంతకుణ్ణి పక్కన పెట్టి ఆ అయిదుగురు ఆడవాళ్ళు ఎలా బతికారో వెతికి రాసిన పుస్తకం అది. మొదట చనిపోయిన మేరీ ఆన్ నికల్స్ ఒక కమ్మరి కూతురు, అయిదుగురు పిల్లల తల్లి. సంసారం చెడి రోడ్డున పడింది. ఆ రాత్రి సత్రంలో మంచానికి కట్టాల్సిన నాలుగు పెన్నీలు లేక బయటికి పోవలసి వచ్చింది. యానీ చాప్‌మన్ అల్లికలు అల్లి అమ్ముకునేది. ఎలిజబెత్ స్ట్రైడ్ స్వీడన్ రైతు కుటుంబం పిల్ల. కేథరిన్ ఎడోస్ అప్పుడే కెంట్ పల్లెల్లో హాప్ తోటల కోతకు కూలికి వెళ్ళి తిరిగొచ్చింది. మన వైపు మిరపకోతలకు వలస వెళ్ళి వచ్చేవాళ్ళను తలుచుకోండి. అయిదుగురూ వేశ్యలేనని నూట ముప్ఫై ఏళ్ళు అందరూ రాశారు. వారిలో ముగ్గురి విషయంలో దానికి ఆధారమే లేదని ఈవిడ వాదన.

సోమవారం నేనొక్కణ్ణే వైట్‌చాపెల్ స్టేషనులో దిగాను. వెనకే డర్వర్డ్ స్ట్రీట్. 1888లో దాని పేరు బక్స్ రో. నికల్స్ చనిపోయింది అక్కడే. హత్య తర్వాత ఆ పేరు చెప్పుకోవడం నామోషీ అయి వీధి పేరే మార్చారు. ఆనాటి బోర్డు స్కూలు భవనం మాత్రం ఇంకా ఉంది. ఇటుకల మేడ. ఇప్పుడు ఫ్లాట్లు చేశారు. ఆమె పడి ఉన్నది ఆ బడి పక్కనే.

అక్కణ్ణించి హెన్రిక్స్ స్ట్రీట్‌కు నడిచాను. దాని పాత పేరు బర్నర్ స్ట్రీట్. స్ట్రైడ్ చనిపోయిన చోటు ఇప్పుడు ఒక ప్రాథమిక పాఠశాల ఆటస్థలం. నేను వెళ్ళేసరికి ఇంటర్వెల్ లాగుంది. గోడవతల పిల్లల కేకలు. ఏ ఊళ్ళోనైనా ఆ గోల ఒక్కటే. ఆ గోడ పక్కన నిలబడ్డప్పుడు నాకు మన బావి గుర్తొచ్చింది.

1970ల వాళ్ళందరికీ తెలుసు. తరగతి గదుల వెనక, చింతచెట్టు కింద, మెట్లు విరిగిన బావి. దయ్యాల బావి అనేవాళ్ళం. 1973లో అందులో ఒకామె శవం దొరికింది. భర్తే చంపి పడేశాడని పోలీసులు పట్టుకెళ్ళారు. 1976లో నేను పదో తరగతి. మన సంఘం పుట్టిన ఏడాదే. మధ్యాహ్నం బెల్లు కొట్టాక చిన్న క్లాసుల పిల్లల్ని ఆ బావి దగ్గరికి తీసుకెళ్ళి దయ్యం కథ చెప్పేవాణ్ణి. మనిషికి అయిదు పైసలు. అవును, ఆ నల్లటోపీ గైడు కన్నా చాలా ముందే నేను ఆ వ్యాపారం చేశాను. ఎక్కడ గొంతు తగ్గించాలో నాకూ తెలుసు. "చెవి పెట్టి వినండి, నీళ్ళలో ఎర్రగాజుల చప్పుడు" అనేవాణ్ణి. చెట్టు మీద మా వాడొకడు కూర్చుని చిల్లపెంకులు ఆడించేవాడు. వాడు ఇవాళ ఈ సభలోనే ఉన్నాడు, పేరు చెప్పను.

ఒక రోజు ఆరో తరగతి కుర్రాడొకడు కథ అయ్యేదాకా నిలబడి విన్నాడు. అందరూ పరిగెత్తాక నా దగ్గరికొచ్చి, "ఎర్రవి కాదన్నా, ఆకుపచ్చవి" అని వెళ్ళిపోయాడు.

వాడు ఆమె కొడుకని మంచినీళ్ళ కుండలు నింపే అటెండరు సాయంత్రం చెప్పాడు. అమ్మమ్మ దగ్గర ఉండి చదువుకుంటున్నాడట. ఆ మాట విన్నాక నేను ఆ కథ మానేశానని మీకు చెప్పాలని ఉంది. మానలేదు. ఆ వారమంతా చెప్పాను. గాజుల రంగు మార్చి చెప్పాను. వేసవి సెలవుల తర్వాత ఆ కుర్రాడు బడికి రాలేదు. నేను కాలేజీకి వెళ్ళిపోయాను.

లండన్ నుంచి వచ్చాక, హెడ్మాస్టరుగారి అనుమతితో పాత అడ్మిషన్ రిజిస్టరు తీయించాను. ఆమె పేరేమిటో తెలుసుకుందామని. ఆ కుర్రాడి పేరు దొరికింది. కానీ ఆ రోజుల్లో రిజిస్టరులో తండ్రి పేరుకు, సంరక్షకుడి పేరుకు గళ్ళున్నాయి గానీ తల్లి పేరుకు గడి లేదు. సంరక్షకుడి గడిలో మేనమామ పేరు, ఊరు ఉన్నాయి. ఆ ఊరు వెళ్ళి, ఇద్దరు ముగ్గుర్ని అడిగి, ఫోను నంబరు సంపాదించాను. ఆ నంబరు మా బల్ల మీద తొమ్మిది రోజులుంది. పదో రోజున చేశాను.

ఆయన ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. నేను ఫలానా అని చెబితే, "గుర్తున్నారు" అన్నాడు. తప్పు చేశాను, క్షమించమన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "మీరొక్కరే కాదు లెండి, అందరూ చెప్పేవాళ్ళు. అందుకే బడి మానేశాను. మామయ్య లారీ మీద క్లీనరుగా పెట్టాడు" అన్నాడు. సాక్షులు లేక కేసు కొట్టేశారట. వాళ్ళ అమ్మకు బడి ఎదురుగా చిన్న బడ్డీ ఉండేదట. మీలో పెద్దవాళ్ళు కొందరు అక్కడ జామకాయలు కొనుక్కునే ఉంటారు. ఆమె పేరు చెప్పాడు. సభలో చెప్పవచ్చా అని అడిగాను. "వద్దండీ. దయ్యాల బావి అనడం మానేస్తే చాలు" అన్నాడు.

అందుకే ఆమె పేరు మీకు చెప్పడం లేదు. నాకు తెలుసు, అంతే.

వైట్‌చాపెల్‌లో ఇంకో రెండు సంగతులు చూశాను. హాన్‌బరీ స్ట్రీట్‌కు దగ్గర్లో టెన్ బెల్స్ అని పాత మద్యశాల ఉంది. 1976లో దానికి జాక్ ద రిప్పర్ అని పేరు మార్చారు. ఆడవాళ్ళ సంఘాలు అభ్యంతరం చెబితే 1988లో మళ్ళీ పాత పేరే పెట్టారు. ఆల్డ్‌గేట్ ఈస్ట్ స్టేషనుకు దగ్గర్లో ఒక పార్కు ఉంది. దాని పేరు అల్తాబ్ అలీ పార్కు. బట్టల తయారీ పనిచేసే బంగ్లాదేశ్ యువకుడతను. 1978 మే 4న పని ముగించుకుని ఇంటికి పోతుంటే జాతి ద్వేషంతో చంపేశారు. పది రోజుల తర్వాత వేలమంది అతని శవపేటిక వెంట ప్రధాని నివాసం దాకా నడిచారు. 1998లో ఆ పార్కుకు అతని పేరు పెట్టారు. చంపినవాళ్ళ పేర్లు అక్కడ కూర్చుని టిఫిను తినేవాళ్ళెవరికీ అక్కర్లేదు.

ఇక విన్నపం. మన సావనీరుకు వచ్చిన వ్యాసాలు సంపాదకవర్గ సభ్యుడిగా నేను చూశాను. నాలుగింటిలో దయ్యాల బావి ముచ్చట ఉంది. అన్నీ సరదాగా రాసినవే, ఎవరినీ తప్పుపట్టను. అందులో ఒకటి నాదే. నాది వెనక్కి తీసుకున్నాను. మిగతా ముగ్గురూ ఆ పేరా మార్చి ఇవ్వమని బతిమాలుకుంటున్నాను. రెండోది, మన సంఘం తరఫున పెట్టబోయే మంచినీళ్ళ ప్లాంటుకు చూసిన స్థలం ఆ పూడ్చేసిన బావి పక్కనే. పోయిన మీటింగు మినిట్స్‌లో "దయ్యాల బావి స్థలం" అని రాసి ఉంది. దాన్ని కొట్టేసి "బడి బావి" అని రాయండి. బోర్డు మీద కూడా అదే రాయండి.

ప్లాంటు ప్రారంభానికి ఆయన్ను పిలిచాను. వస్తాననలేదు, రాననలేదు. వస్తే మాత్రం ఆయన దగ్గర ఆ కథ ఎత్తకండి. మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టండి.