సంత మాట, మఠం మాట



ఈ ఉపన్యాసం ఏ మాస్టారి పేరిట జరుగుతోందో, ఆయన అరకులో పనిచేసినన్నాళ్లూ కొత్తగా బడిలో చేరిన ప్రతి పిల్లనీ ఒకటే అడిగేవారు: "ఇంట్లో ఏ మాట? సంతలో ఏ మాట?" రిజిస్టరులో ఆ గడి ఉండేది కాదు. ఆ ప్రశ్ననే నేనివాళ కాథలిక్ మఠకన్యల వంటింట్లో అడుగుతాను.

ముందు అరకు సంత సంగతి. కొండదొరల కూబి, కోదుల కువి మన తెలుగుకు చుట్టాలు. గదబల గుతోబ్ వేరే ఇల్లు, ముండా భాష. బేరం మాత్రం ఆదివాసీ ఒడియాలో సాగుతుంది. భద్రిరాజు కృష్ణమూర్తిగారు ఈ కొండల్లో తిరిగి కూబికి వ్యాకరణం రాసి 1969లో అచ్చు వేయించారు. ఆయన రాసిన ఆ భాష మాట్లాడేవాళ్లు కూడా ఉప్పు కొనడానికి ఇంకో భాషలోకి దిగాల్సిందే. ఎక్కువమందికి అది ఇంటి మాట కాదు కాబట్టి సంతలో ఎవరికీ అంత చిన్నతనం లేదు.

ఇక మఠాలు. ఆనెసీ పట్టణపు సెయింట్ జోసెఫ్ సిస్టర్లు 1849లో యానాంలో దిగి, తరవాత విశాఖపట్నం చేరారు. వాళ్ల సవాయ్ సీమ అప్పటికి ఫ్రాన్సులో లేదు, 1860లో గానీ కలవలేదు. మాట ఫ్రెంచి, ఊరు తెలుగు, కంటోన్మెంటు ఇంగ్లీషు. మరి ఒకే కప్పు కింద ఎలా నెగ్గుకొచ్చారు? మౌనంతో, అని నా ఊహ. పాత మఠాల్లో భోజనాల దగ్గర మాటలు నిషేధం. పూజ లాటిన్‌లో, అది ఎవరికీ తల్లిభాష కాదు. 1962–65 నాటి రెండవ వాటికన్ మహాసభ తరవాత పూజ తెలుగులోకి వచ్చింది, బల్ల దగ్గర నోళ్లు విచ్చుకున్నాయి. మంచిదే. పేచీలూ అప్పుడే మొదలయ్యాయంటాను.

తోడికోడళ్లయినా ఇంచుమించు ఒకే యాస వాళ్లుంటారు. మఠకన్యలకు ఆ వెసులుబాటూ లేదు. విధేయత వ్రతం పట్టాక ఎక్కడికి పంపితే అక్కడికి పోవాలి, ఎవరితో ఉండమంటే వాళ్లతో ఉండాలి.

కొండమీద నేనెరిగిన ఒక చిన్న మఠంలో ముగ్గురు. పెద్దావిడది కేరళ, ఒకమ్మాయిది గుంటూరు వైపు, ఇంకో అమ్మాయి రాంచీ దగ్గరి ఉరాఁవ్ పిల్ల. ఇంట్లో తెలుగే మాట్లాడాలని కట్టుబాటు. గుంటూరు సిస్టరు మంచి మనిషి, కానీ తప్పు వినపడితే ఆగలేదు. "అన్నం వచ్చాడు కాదమ్మా, వచ్చింది" అని నవ్వేది. నెల తిరక్కుండానే రాంచీ పిల్ల ఉప్పు అందుకోవడానికి కూడా చెయ్యి చూపించడం మొదలుపెట్టింది. పెద్దావిడ ఇద్దర్నీ కూర్చోబెట్టి బోధ చెయ్యలేదు. శుక్రవారం సంతకు ఇద్దర్నీ కలిపి పంపింది.

అక్కడ గుంటూరు తెలుగు చెల్లలేదు. అడ్డాకుల కట్టలమ్మే ముసలమ్మ ఏదో అంది, ఈమెకు బోధపడలేదు. రాంచీ పిల్లకు ఇంట్లో ఉరాఁవ్‌ల భాష కుడుఖ్‌తో పాటు సాద్రీ కూడా వచ్చు. అది ఒడియాకు దగ్గరి మాట. రెండు నిమిషాల్లో బేరం కుదిర్చి, "సిస్టర్, డబ్బులు ఇవ్వు" అంది. నెల తరవాత ఆమె నోట వచ్చిన మొదటి వాక్యం అదేనట.

మొన్న చలికాలంలో వెళ్లినప్పుడు వసారాలో రాజ్‌మా కుంచంతో కొలుస్తున్నారు. ఎన్ని భాషలు నేర్చినా కొందరికి లెక్క తల్లిభాషలోనే వస్తుంది కదా. పెద్దావిడ "మూన్ను, నాలు" అంటోంది, రాంచీ పిల్ల "మూంద్, నాఖ్" అంటోంది. కుడుఖ్ కూడా మనకు చుట్టమే, ఇంత దూరాన. గుంటూరు సిస్టరు సరదాపడి "మూండ్" అంది.

"మూండ్ కాదు, సిస్టర్. మూంద్."

"మూంద్," అని దిద్దుకుని, నాలుగో కుంచం ఎత్తింది.