సముద్రము లేని నగరములో సముద్ర విద్య

పంచాయతీ సభ్యులారా,

హైదరాబాదు నుండి సముద్రతీరము చేరవలెనన్న 200 కిలోమీటర్లకు పైగా పోవలెను. అయినను, హైటెక్ సిటీకి ఉత్తరముగా ప్రగతి నగరమున, 1999లో ఏర్పడిన భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రము కలదు. ఉపగ్రహములు కొలిచిన నీటి వేడిమిని, రంగును బట్టి చేపలు దొరకు తావులను ఈ కేంద్రము మత్స్యకారులకు తెలుపుచున్నది.

2004 డిసెంబరు 26న సుమత్రా వద్ద భూమి కంపించిన పిదప అలలు మన తూర్పు తీరమును తాకుటకు సుమారు రెండు గంటలు పట్టినది. ఆ రెండు గంటలలో తీరవాసులను హెచ్చరించు ఏర్పాటు హిందూ మహాసముద్రమునకు లేకపోయెను. 2007 అక్టోబరు 15న ప్రగతి నగరములోనే సునామీ హెచ్చరిక కేంద్రము ఆరంభమైనది. 4,000 మీటర్ల లోతు నీటిలో సునామీ అల గంటకు సుమారు 700 కిలోమీటర్ల వేగముతో, విమానమువలె సాగును. తీరమున లోతు తగ్గిన కొలది నెమ్మదించి ఎత్తు పెరుగును. నడిసంద్రమున దాని ఎత్తు కొద్దిపాటిదే కనుక పడవలోనివానికి తెలియదు. అడుగున ఉంచిన పీడన యంత్రములు దానిని పసిగట్టును.

ఇట్టి పనులకు తగిన విద్యయే అంతరిక్ష, సముద్ర ఇంజనీరింగు. అమెరికాలోని వర్జీనియా టెక్ విశ్వవిద్యాలయములో ఈ రెండింటికిని ఒకే విభాగము. రాకెట్టెక్కడ, ఓడయెక్కడ యని తోచవచ్చును. నీరు గాలికంటె సుమారు 800 రెట్లు సాంద్రమైనను, రెండింటి ప్రవాహమును తెలుపు మూల సూత్రములు ఒక్కటే. తెరచాప ఎత్తినవాడును, కాలువ తూముకడ నీటి వడిని గమనించిన రైతును ఈ శాస్త్రపు మొదటి పాఠము చూచినవారే. తరువాత వచ్చు గణితము కఠినమే, దాచనక్కరలేదు.

స్కైరూట్ అను హైదరాబాదు సంస్థ 2022 నవంబరు 18న శ్రీహరికోట నుండి విక్రమ్-ఎస్ రాకెట్టును 89.5 కిలోమీటర్ల ఎత్తునకు పంపినది. మన దేశమున ప్రైవేటు సంస్థ నిర్మించి ఎగురవేసిన తొలి రాకెట్టు అదియే. పత్రికలు ఘనముగా వ్రాసినవి. ప్రగతి నగరపు పని అంతగా వార్తలకెక్కదు. ఎక్కదగినదని మా అభిప్రాయము.

సంగారెడ్డి జిల్లా కందిలోని ఐ.ఐ.టి. హైదరాబాదులో యంత్ర, అంతరిక్ష ఇంజనీరింగును, విశాఖపట్నము ఆంధ్ర విశ్వవిద్యాలయమున నౌకా సంబంధమైన ఇంజనీరింగును, చెన్నై ఐ.ఐ.టి.లో సముద్ర ఇంజనీరింగును బోధించుచున్నారు. వీనికి ఇంటర్మీడియటులో గణితము, భౌతిక, రసాయన శాస్త్రములు చదివియుండవలెను. పదవ తరగతి కాగానే ఆడపిల్లకు లెక్కలెందుకను ఇండ్లు ఇంకను కలవు. అచట సర్పంచి మాట కొంత పనిచేయును. ఇంటరు ముగిసిన పిదప చెప్పి లాభము లేదు.

తీరగ్రామముల సభ్యులకు మరొక మాట. 2020లో ఒడిశాలోని వెంకట్రాయపూర్, నోలియాసాహి గ్రామములను సునామీకి సంసిద్ధమైనవిగా యునెస్కో గుర్తించినది. ఈ గుర్తింపునకు నీరు ఎంతవరకు రాగలదో చూపు పటము, తప్పించుకొను దారుల గుర్తులు, హెచ్చరికను ఇంటింటికి చేర్చు ఏర్పాటు, గ్రామస్థుల అభ్యాసము కావలెను. మీ గ్రామమున అర్ధరాత్రి హెచ్చరిక వచ్చినచో దానిని అందుకొనువారెవరో, మైకు తాళము ఎవరియొద్ద నుండునో వచ్చు సమావేశముననే నిర్ణయింపుడు.