కుక్క లాక్కెళ్తోందా? బెల్ట్ ఆర్డర్ పెట్టే ముందు ఇది చూడండి

మంగళగిరి నుంచి మరో ఎపిసోడ్‌తో వచ్చేశాను. ఈ మధ్య నాకు వస్తున్న మెసేజ్‌లలో సగం ఒకటే ప్రశ్న. "అన్నా, వాకింగ్‌కి తీసుకెళ్తే మా కుక్క నన్ను ఈడ్చుకెళ్తోంది. ఏ బెల్ట్ కొనాలి?" కింద ఒక ఫొటో. ఒకరు లోపల ముళ్లున్న ఇనుప బెల్ట్ పంపిస్తారు, ఇంకొకరు రిమోట్ నొక్కితే షాక్ కొట్టే బెల్ట్ లింక్ పంపిస్తారు. "ఇది వేస్తే ఆగుతుందా అన్నా?"

ముందే జవాబు చెప్పేస్తాను, చివరిదాకా వెయిట్ చేయించను. ఆగొచ్చు. కానీ ఏ బెల్టూ కుక్కకి నడవడం నేర్పదు. కొన్ని బెల్టులు నొప్పి పెట్టి ఆపుతాయి, కొన్ని లాగే బలాన్ని తగ్గిస్తాయి. నేర్పాల్సింది మాత్రం తాడు ఇవతలి చివర పట్టుకున్న మనిషే. ఎలా నేర్పాలో, ఈలోపు ఏ బెల్ట్ వేయాలో, ఏది వేయకూడదో ఈ రోజు చూద్దాం.

మొదటి పాయింట్. కుక్క అసలు ఎందుకు లాగుతుంది?

"మన మీద పెత్తనం చేయాలని" అని చాలామంది అంటారు. కాదండి. మామూలుగా దాని నడక మన నడకకంటే వేగం. దానికి నాలుగు కాళ్లున్నాయి, మనం ఫోన్ చూసుకుంటూ నడుస్తాం. రెండోది వాసన. సాయంత్రం ఆరింటికి పకోడీ బండి ముందు నుంచి వెళ్తే మనకే కాళ్లు ఆగవు, మనకంటే ఎన్నో రెట్లు వాసన పట్టే ముక్కు దానిది.

మూడోది, అన్నిటికంటే ముఖ్యమైనది. లాగితే పని జరుగుతోంది! కుక్క కరెంటు స్తంభం వైపు లాగింది, మనం "ఆగరా, ఆగరా" అంటూనే వెనకాల పది అడుగులు వేశాం. స్తంభం వచ్చేసింది. దాని బుర్రలో రూల్ సేవ్ అయిపోయింది: తాడు బిగిస్తే ముందుకి వెళ్తాం. ఎడ్వర్డ్ థార్న్‌డైక్ అనే అమెరికన్ సైకాలజిస్ట్ 1898లోనే పిల్లుల్ని పెట్టెల్లో పెట్టి ఇదే చూశాడు. ఏ పని చేస్తే తలుపు తెరుచుకుని బయట తిండి దొరికిందో, ఆ పనినే పిల్లి మళ్లీ మళ్లీ, అంతకంతకూ త్వరగా చేసింది. మన కుక్కకి తలుపు మన కాళ్లే. అవి కదిలితే తలుపు తెరిచినట్టే.

ఇంకో చిక్కుంది. రోజూ ఆపి, ఒక్కో రోజు "పోనీలే, ఆఫీస్ టైమ్ అవుతోంది" అని వదిలేస్తే, లాగే అలవాటు ఇంకా గట్టిపడుతుంది. ఎప్పుడో ఒకసారి తగిలే లాటరీ కోసం మనిషి రోజూ టికెట్ కొన్నట్టే. బీఎఫ్ స్కిన్నర్ ప్రయోగాల్లో తేలింది కూడా ఇదే. అప్పుడప్పుడూ దొరికే బహుమతి వల్ల వచ్చిన అలవాటు అంత తేలిగ్గా పోదు.

రెండో పాయింట్, బెల్టులు. ఒక్కొక్కటిగా చూద్దాం.

మామూలు బెల్ట్: లైసెన్స్ ట్యాగ్, ఫోన్ నంబర్ తగిలించడానికి ఇది ఉండాల్సిందే. కానీ లాగే కుక్క బరువంతా దీంతో మెడ మీద పడుతుంది. మెడలో ఏమున్నాయి? గాలి గొట్టం, ఆహారం వెళ్లే గొట్టం, థైరాయిడ్ గ్రంథి, తలకి రక్తం తీసుకెళ్లే నాళాలు. 2006లో వచ్చిన ఒక అమెరికన్ స్టడీలో, బెల్ట్‌తో లాగినప్పుడు కుక్కల కంటి లోపలి ప్రెషర్ పెరిగింది. అదే కుక్కలు హార్నెస్‌తో లాగినప్పుడు అలా పెరగలేదు. మన దగ్గర ప్రతి వీధిలో ఒక పమేరియన్ ఉంటుంది కదా, అలాంటి చిన్న కుక్కల్లో గాలి గొట్టం మెత్తబడి కుంచించుకుపోయే జబ్బు ఎక్కువ. బాతు అరిచినట్టు దగ్గుతాయి. వాటికి మెడ బెల్ట్‌కి తాడు కట్టడమే వద్దు. పగ్, షిట్జూ లాంటి చప్పిడి ముక్కు కుక్కలకి కూడా అంతే. అసలే ఊపిరి కష్టం, పైగా మన కృష్ణా తీరం ఉక్కపోత.

గొలుసు ఉరి, అంటే చోక్ చైన్: లాగిన కొద్దీ బిగుస్తుంది. ఎంత వరకు బిగుసుకోవాలో దానికి లిమిట్ లేదు. దీని గురించి ఇంతకంటే చెప్పక్కర్లేదు.

ముళ్ల బెల్ట్, షాపులో ప్రాంగ్ కాలర్ అంటారు: ఇక్కడ ఇంటర్ ఫిజిక్స్ గుర్తు తెచ్చుకోండి. ప్రెషర్ అంటే బలాన్ని వైశాల్యంతో భాగించడం. బలం అంతే ఉంది, తగిలే చోటు మాత్రం వెడల్పాటి పట్టీ నుంచి కొన్ని ఇనుప మొనలకి తగ్గింది. ప్రెషర్ ఏమవుతుంది? మీరే చెప్పండి. "తల్లి కుక్క పిల్లని మెడ దగ్గర పట్టుకున్నట్టే ఉంటుంది, నొప్పి ఉండదు" అని అమ్మేవాళ్లు అంటారు. నొప్పి లేకపోతే మరి కుక్క ఎందుకు ఆగుతోంది?

షాక్ బెల్ట్: దీని సమస్య నొప్పి ఒక్కటే కాదు, టైమింగ్. మీ కుక్క ఎదురుగా వస్తున్న వీధి కుక్కని చూసి లాగింది, మీరు బటన్ నొక్కారు. మీ లెక్కలో అది లాగినందుకు శిక్ష. దాని లెక్కలో? "ఆ నల్ల కుక్క కనిపించగానే మెడ మీద మంట." కోడింగ్ తెలిసినవాళ్లకి ఒక్క మాటలో చెప్తాను: ఎర్రర్ మెసేజ్ వచ్చింది, కానీ లైన్ నంబర్ తప్పు. రేపటి నుంచి నల్ల కుక్కని చూడగానే మొరుగుతుంది, మీదకి వెళ్తుంది. మనం తెచ్చుకున్నది లాగే సమస్య ఒకటి, ఇప్పుడు రెండయ్యాయి.

"అయినా పని చేస్తుంది కదా అన్నా?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. ముళ్ల బెల్ట్ వేసిన రోజే లాగడం తగ్గిన కుక్కలు ఉంటాయి. నేను కాదనను. కానీ నొప్పి లేకుండా అదే పని అవుతుందా అన్నదే అసలు ప్రశ్న. ఇంగ్లండ్‌లో లింకన్ యూనివర్సిటీ వాళ్లు 63 కుక్కల మీద చేసిన స్టడీ 2020లో వచ్చింది. పిలిస్తే రావడం లాంటి విషయాల్లో, షాక్ బెల్ట్ వాడిన ట్రైనింగ్ కంటే బహుమతులతో ఇచ్చిన ట్రైనింగ్ ఏమాత్రం వెనకపడలేదు. అదే ఏడాది పోర్చుగల్‌లో 92 కుక్కల మీద చేసిన స్టడీ వచ్చింది. శిక్షలతో నేర్పే స్కూళ్ల కుక్కల్లో టెన్షన్ లక్షణాలు, కార్టిసాల్ అనే స్ట్రెస్ హార్మోన్ ఎక్కువగా కనిపించాయి. వేల్స్ 2010లోనే షాక్ బెల్టుల వాడకాన్ని నిషేధించింది. మన దేశంలో 1960 నాటి జంతు హింస నివారణ చట్టం, సెక్షన్ 11 ప్రకారం జంతువుకి అనవసరమైన నొప్పి కలిగించడం నేరం. మొదటిసారికి జరిమానా ఎంతో తెలుసా? 10 నుంచి 50 రూపాయలు. పార్కింగ్ టికెట్‌కి అంతకంటే ఎక్కువ ఇస్తాం. కాబట్టి చట్టం వచ్చి మన చెయ్యి పట్టుకోదు, మనమే ఆలోచించుకోవాలి.

"మరి పోలీసు కుక్కలు?" అన్నది రెండో ప్రశ్న. మన మంగళగిరి ఆరో బెటాలియన్ గ్రౌండ్‌లోనే పోలీసు జాగిలాల పాసింగ్ అవుట్ పరేడ్ జరిగింది. ఆ క్రమశిక్షణ వెనక బెల్ట్ కాదు, నెలల తరబడి ట్రైనింగ్, ఆ కుక్క కోసమే ఉన్న ఒక హ్యాండ్లర్ ఉంటారు. వాసన పట్టే జాగిలం దేని కోసం పని చేస్తుంది? చాలావరకు ఒక బంతి కోసం, ఆట కోసం, తిండి కోసం.

సరే, మరి ఏది కొనాలి? వీపు మీద కొక్కెం ఉండే హార్నెస్ మెడకి మంచిదే, కానీ లాగడాన్ని ఆపదు. మంచులో బండి లాగే కుక్కలకి వేసేది కూడా హార్నెసే! ఛాతీ ముందు కొక్కెం ఉన్నది తీసుకోండి. కుక్క ముందుకి లాగితే తాడు దాని ఛాతీని పక్కకి, మన వైపుకి తిప్పుతుంది. బలం సగం అక్కడే పోతుంది. పట్టీ కింద రెండు వేళ్లు పట్టాలి, చంకల్లో ఒరుసుకోకూడదు. తాడు ఐదారు అడుగులు చాలు. సాగే తాళ్లు, బటన్ నొక్కితే చుట్టుకునేవి, మన ఆటోలు, బైకుల మధ్య అస్సలు వద్దు. మూతి చుట్టూ వేసే హెడ్ హాల్టర్ కూడా ఉంది. దూడకి తల చుట్టూ తాడు కట్టి నడిపించినట్టు ఉంటుంది. చాలా పెద్ద కుక్కకి, బలం తక్కువ మనిషికి పనికొస్తుంది. కానీ కుక్కకి అలవాటు చేయడానికి కొన్ని రోజులు పడుతుంది, జెర్క్ ఇవ్వకూడదు.

ఇప్పుడు మూడో పాయింట్, నేర్పడం. దీన్ని ఒక నిజమైన కేసుతో చెప్తాను.

మా పక్క వీధిలో ఒక పిన్నిగారున్నారు, 58 ఏళ్లు. వాళ్లబ్బాయి హైదరాబాద్‌లో జాబ్. లాక్‌డౌన్‌లో వర్క్ ఫ్రమ్ హోమ్ అని ఇంటికొచ్చి లాబ్రడార్ పిల్లని తెచ్చాడు. తర్వాత ఆఫీస్ పిలిచింది, అబ్బాయి వెళ్లాడు, కుక్క మిగిలింది. మీలో చాలామంది ఇళ్లల్లో ఇదే కథ కదా? అది 32 కిలోలు పెరిగింది. ఒకరోజు పిన్నిగారు నన్ను ఆపి, "బాబూ, దీన్ని ఎవరికైనా ఇచ్చేద్దామనుకుంటున్నానయ్యా. మొన్న గేటు దగ్గర పడబోయాను. తుంటి విరిగితే నన్నెవరు చూస్తారు?" అన్నారు. అబ్బాయి ముళ్ల బెల్ట్ ఆర్డర్ పెడతానన్నాడట. "దాని మెడ చూస్తే నాకు చేతులు రావట్లేదు" అన్నారు. "పిన్నిగారూ, ఒక్క నెల టైమ్ ఇవ్వండి" అన్నాను.

మొదటి వారం రోడ్డెక్కలేదు. వరండాలోనే. ఉడికించిన చికెన్ చిన్న చిన్న ముక్కలు, ఉప్పు, కారం, ఉల్లిపాయ ఏమీ లేకుండా. ఉల్లి, వెల్లుల్లి కుక్కలకి విషం, గుర్తుంచుకోండి. కుక్క ఆవిడ ఎడమ కాలి పక్కకి వస్తే ముక్క. ఒక అడుగు పక్కనే నడిస్తే ముక్క. ముక్క ఇచ్చేది కాలి పక్కనే, ముందుకి చెయ్యి చాపి కాదు. ఎక్కడ ఇస్తే కుక్క అక్కడే ఉంటుంది.

రెండో వారం గేటు బయట, ఛాతీ హార్నెస్‌తో. రూల్ ఒక్కటే. తాడు బిగిసిందా, చెట్టులా ఆగిపోవాలి. అరవకూడదు, వెనక్కి గుంజకూడదు. అది వెనక్కి తిరిగి చూసి, తాడు వదులైన క్షణం "గుడ్" అని అడుగు వేయాలి. మొదటి రోజు పది నిమిషాల్లో మూడిళ్లు కూడా దాటలేదు. ఎదురింటి మామ్మగారు "ఏంటమ్మా, దారి మర్చిపోయావా?" అని నవ్వారు. పిన్నిగారికి సిగ్గేసింది, అయినా ఆగలేదు. నాలుగో రోజుకి వీధి చివర.

వాసన చూడనివ్వాలి కూడా. వాకింగ్ మనకి వ్యాయామం, దానికి న్యూస్‌పేపర్. పది అడుగులు వదులు తాడుతో నడిస్తే, "పో" అని స్తంభం దగ్గరికి మనమే తీసుకెళ్లాలి. అంటే స్తంభమే బహుమతి అయింది, చికెన్ ఖర్చు కూడా తగ్గింది.

వీధి కుక్కలు కనిపిస్తే? దగ్గరికొచ్చాక ఏం చేసినా లేటే. దూరంగా ఉన్నప్పుడే, మనది చూసి ఇంకా మొరగనప్పుడే, ముక్క ఇచ్చి పక్క సందులోకి తిరిగిపోవాలి. అప్పుడు దానికి "వేరే కుక్క కనిపిస్తే పిన్ని దగ్గర చికెన్ వస్తుంది" అని అర్థమవుతుంది. షాక్ బెల్ట్ నేర్పేదానికి ఇది పూర్తి రివర్స్. రేబిస్ టీకా మాత్రం ఏటా తప్పనిసరి.

టైమ్ ఉదయం ఆరులోపు. ఏప్రిల్, మే నెలల్లో తారు రోడ్డు మీద మీ అరచేతి వెనకభాగం ఐదు సెకన్లు పెట్టి చూడండి. మీకు కాలితే దానికీ కాలుతుంది.

నెల తర్వాత రిజల్ట్? నిజం చెప్తాను, సినిమా క్లైమాక్స్ లాంటిదేమీ లేదు. మామూలు రోజుల్లో తాడు వదులుగానే ఉంటుంది. ఆదివారం మటన్ కొట్టు దగ్గర ఇప్పటికీ లాగుతుంది, ఆవిడ అటు వెళ్లకుండా రోడ్డు దాటేస్తారు. దసరాకి అబ్బాయి వచ్చి మూడు రోజులు ఇష్టమొచ్చినట్టు లాగనిచ్చాడు, మళ్లీ వారం వెనక్కి. పిన్నిగారు వాడికి గట్టిగానే పెట్టారు. టీమ్‌లో ఒక్కడు తప్పు కోడ్ పెడితే అందరి బిల్డ్ ఆగిపోతుంది కదా, ఇంట్లో కూడా అంతే. అందరికీ ఒకటే రూల్. కుక్కని ఇచ్చేసే మాట మాత్రం మళ్లీ రాలేదు.

ఇవన్నీ చేసినా తగ్గకపోతే, లేదా నెమ్మదిగా ఉండే కుక్క హఠాత్తుగా మారితే, దగ్గు వస్తుంటే, ముందు డాక్టర్‌కి చూపించండి. కృష్ణా జిల్లా వాళ్లకి గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది. కరిచే కుక్క అయితే ఈ వీడియో సరిపోదు, బహుమతులతో నేర్పే ట్రైనర్ దగ్గరికి వెళ్లండి. ట్రైనర్‌ని ఒక్క ప్రశ్న అడగండి: "మా కుక్క తప్పు చేస్తే మీరేం చేస్తారు?" జవాబులోనే మీకు తెలిసిపోతుంది.

ఇక ఈ సాయంత్రం మీకు హోంవర్క్. మీ కుక్కని గేటు దాకా తీసుకెళ్లండి, తాడు బిగిసినప్పుడల్లా ఆగండి, ఎన్నిసార్లు ఆగారో లెక్కపెట్టండి. పది రోజుల తర్వాత మళ్లీ లెక్కపెట్టి, రెండు నంబర్లూ కామెంట్‌లో పెట్టండి. మీరు ఊళ్లో లేకుండా అమ్మానాన్నల దగ్గర కుక్కని వదిలిన వాళ్లైతే, ఈ వీడియో వాళ్లకి పంపడం కాదు, వచ్చే శని, ఆదివారాలు వెళ్లి మీరే మొదలుపెట్టండి. వచ్చే ఎపిసోడ్‌లో దీపావళి టపాసులకి భయపడే కుక్కల గురించి మాట్లాడుకుందాం. ఉంటాను మరి, నమస్తే.